నిచ్చెనకు రెండు కొసలు

సిగ్వటెరా అంటే పగడపు దిబ్బల చేపలు తిన్నవాళ్ళకు వచ్చే ఒక విషబాధ. దాన్ని తెచ్చే చేప తాజాగానే ఉంటుంది. కళ్ళలో మెరుపు తగ్గదు, మొప్పల ఎరుపు పోదు, వాసన రాదు, రుచి మారదు. ఉడికించినా, వేయించినా, ఉప్పులో ఊరేసినా, ఐసులో గడ్డకట్టించినా విషం చెక్కుచెదరదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పెదవుల చుట్టూ, అరచేతుల్లో, అరికాళ్ళలో తిమ్మిర్లు, ఒంటి నిండా దురద, కీళ్ళ నొప్పులు వస్తాయి. అన్నిటికన్నా వింతైన లక్షణం చలువకు సంబంధించింది. చల్లటి నీళ్ళు తగిలితే చర్మం కాలుతున్నట్టు మండుతుంది. ప్రాణం పోవడం అరుదు గానీ బాధ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి వదలదు. విరుగుడు లేదు. ప్రపంచం మొత్తం మీద ఏటా 10 వేల నుంచి 50 వేల మంది దీని బారిన పడుతున్నారని అంచనా.

ఈ వ్యాసంలో పరిచయం చేయదలచుకున్నది రోగాన్ని కాదు, ఆ విషాన్ని పట్టుకోవడానికి జరిగిన పనిని. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగిన ఆ పనిలో మూడు అంచెలున్నాయి. మొదట విషం అణువు ఆకృతిని చదివారు. తరువాత ఆ అణువును ప్రయోగశాలలో కట్టారు. చివరికి, కట్టేటప్పుడు చేతికొచ్చిన ముక్కలతోనే చేపలో విషాన్ని కనిపెట్టే పరీక్షను తయారుచేశారు. మూడూ విడివిడిగా గొప్పవే. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వాటి మధ్య అతుకు. రెండో అంచెలో కట్టడం కోసం చేసిన విభజనే మూడో అంచెలో పట్టు దొరికే చోటయింది.

ఈ విషబాధ గురించి నావికులకు చాలాకాలంగా తెలుసు. 1774 జూలైలో కెప్టెన్ కుక్ నౌక రెజల్యూషన్ ఇప్పటి వనువాటులోని మలకులా దీవి దగ్గర ఆగినప్పుడు, అక్కడ పట్టిన ఎర్రచేపలు తిన్న అధికారులు జబ్బుపడి కోలుకోవడానికి వారం, పది రోజులు పట్టింది. అలాంటి చేప అక్కడి నీళ్ళలో ఎందుకు విషమవుతుందో, అదే జాతి చేప పక్క దీవి దగ్గర ఎందుకు నిరపాయంగా ఉంటుందో ఎవరికీ అర్థం కాలేదు. దీవుల్లో జనం తమ పరీక్షలు తాము పెట్టుకున్నారు. ఈగలు వాలుతున్నాయా అని చూసేవారు, వెండి నాణెం రంగు మారుతుందా అని చూసేవారు, పిల్లికి ఒక ముక్క వేసి ఆగేవారు. వీటిలో పిల్లి పరీక్షకు కాస్త అర్థముంది. మిగతావి ఒట్టి నమ్మకాలు.

1958లో జాన్ రాండాల్ అనే మత్స్యశాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. తుపానుకో తవ్వకానికో దిబ్బ దెబ్బతిని కొత్త రాతి పైభాగం బయటపడితే, దానిమీద ముందుగా మొలిచే సూక్ష్మమైన నాచులో ఈ విషం పుడుతుండాలని ఆయన ఊహ. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత అది నిజమని తేలింది. 1977లో తొహోకుకు చెందిన యాసుమోతో తకేషి, తహితీలోని లూయీ మలార్దే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన రేమండ్ బాగ్నిస్ మొదలైనవాళ్ళు ఫ్రెంచ్ పాలినీషియాలోని గాంబియర్ దీవుల్లో, చచ్చిన పగడాల మీద పెరిగే నాచును అంటిపెట్టుకుని ఉండే ఏకకణ జీవిని దోషిగా పట్టుకున్నారు. రెండేళ్ళకు ఆ దీవుల పేరుతోనే దానికి గాంబియర్‌డిస్కస్ అని పేరొచ్చింది. నాచు మేసే చిన్న చేపలు దీన్ని కూడా మింగుతాయి. వాటిని గ్రూపర్, స్నాపర్, బారకూడా, మోరే ఈల్ వంటి వేట చేపలు తింటాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ విషం పోగుపడుతుంది. పోగుపడటమే కాదు, చేప ఒంట్లోని ఎంజైములు దానికి ఆక్సిజన్ చేర్చి మరింత ఘాటుగా మారుస్తాయి. అలా పెద్ద చేపలో తయారయ్యే సీటీఎక్స్-1బి అనే రూపం, ఎలుకల పరీక్షలో, కిలో శరీర బరువుకు 0.25 నుంచి 0.35 మైక్రోగ్రాములు ఎక్కిస్తే చంపేస్తుంది.

ఇంత ఘాటైన విషం చేపలో అతి కొద్దిగానే ఉంటుంది కనుకనే రసాయన శాస్త్రజ్ఞులకు అది చిక్కలేదు. హవాయి విశ్వవిద్యాలయంలో పాల్ షోయర్ బృందం 1967లో దాన్ని వేరుచేసి సిగ్వటాక్సిన్ (పొట్టిగా సీటీఎక్స్) అని పేరుపెట్టింది. తరువాతి ఏళ్ళలో అది ఆక్సిజన్ వంతెనలున్న పెద్ద అణువని, అణుభారం 1111 అని తేలింది. పరమాణువులు ఏ వరుసలో అమరి ఉన్నాయో చెప్పడానికి మాత్రం సరిపడా పదార్థం లేదు. యాసుమోతో బృందం తహితీ శాస్త్రజ్ఞులతో కలిసి మలుగుపామును పోలిన మోరే ఈల్ చేపలను నాలుగు టన్నులు సేకరించింది. వాటి లోపలి అవయవాలను వేరుచేసి, ద్రావకాలలో నానబెట్టి, వడబోసి, గొట్టాల్లో అంచెలంచెలుగా శుద్ధిచేసింది. చివరికి మిగిలిన శుద్ధ విషం 0.35 మిల్లీగ్రాము.

ఆ అంకెను ఇంకో వైపు నుంచి చూస్తే ఈ వ్యవహారం పరిమాణం తెలుస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పసిఫిక్ చేపలకు సూచించిన హద్దు కిలో చేపకు 10 నానోగ్రాములు. దానికి మించితే తినడం క్షేమం కాదు. ఆ లెక్కన కంటికి సరిగా ఆనని 0.35 మిల్లీగ్రాము 35 టన్నుల చేపను ఆ హద్దు దాకా తీసుకెళ్ళగలదు. తిండిలో ప్రమాదం ఇంత పలచగా ఉన్నప్పుడు దాన్ని వెతికే చెయ్యి కూడా అంత సన్నంగా పనిచెయ్యాలి.

ఆ కాస్త పదార్థంతోనే మురాటా మిచియో, యాసుమోతో, వారి సహచరులు అణువును చదివారు. వాళ్ళ సాధనం ఎన్ఎమ్ఆర్. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన అణువులోని ప్రతి హైడ్రోజన్ ఒక సంకేతం ఇస్తుంది. ఆ సంకేతం పక్కనున్న హైడ్రోజన్‌ల గురించి కూడా చెబుతుంది. ఆ పొరుగు సంబంధాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే అస్థిపంజరం బయటపడుతుంది. ఇక్కడ బయటపడింది 60 కార్బన్, 86 హైడ్రోజన్, 19 ఆక్సిజన్ పరమాణువుల అణువు. పక్కపక్కనే అంచులు కలుపుకున్న వలయాలతో నిచ్చెనలా సాగిన ఆకృతి. మొత్తం పదమూడు వలయాలు, పొడవు సుమారు మూడు నానోమీటర్లు. రసాయన శాస్త్రజ్ఞులు ఆ వలయాలకు ఎడమ నుంచి కుడికి ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి ఎమ్ దాకా పేర్లు పెట్టారు.

చదవడంలో ఒక చోట మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి. నిచ్చెన నడిమధ్యలో ఎఫ్ అనే వలయంలో తొమ్మిది పరమాణువులున్నాయి. మిగతా వలయాల్లా అది బిగువుగా ఉండదు. రెండు భంగిమల మధ్య నెమ్మదిగా ఊగుతుంటుంది. ఊగుతున్న వస్తువు ఫోటోలో అలికినట్టు పడటం సహజం కదా, ఆ వలయం దగ్గరి హైడ్రోజన్‌ల సంకేతాలు వెడల్పయి, కొన్ని కనిపించకుండానే పోయాయి. బృందం నమూనాను బాగా చల్లబరిచి ఆ ఊపును అదుపులోకి తెచ్చి మళ్ళీ చదివింది. నాచు జీవి నుంచి తీసిన, ఇంకొంచెం సరళమైన బంధువు అణువును పక్కన పెట్టుకుని పోల్చింది. నిర్మాణం 1989లో అచ్చయింది. అణువు నిజమైన కుడి, ఎడమల నిర్ధారణ 1997 దాకా సాగింది. పోయినదాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి ఇంకో నాలుగు టన్నుల చేపలు కావాలి కనుక, ఆ ఏళ్ళన్నీ ప్రతి కొలతా ఆచితూచి చేసినదే.

రెండో అంచె ఇక్కడే మొదలవుతుంది. విషం ఎలా ఉంటుందో తెలిసింది గానీ, పరిశోధనకు అది దొరకదు. అదే విశ్వవిద్యాలయంలో హిరామా మసహిరో దాన్ని మొదటినుంచి కట్టడానికి పూనుకున్నాడు. ఎంచుకున్నది సీటీఎక్స్-3సి అనే దగ్గరి బంధువును. వలయాలు అవే పదమూడు, అణుభారం 1023. కట్టడంలో కష్టం పరిమాణంలో కన్నా దిశల్లో ఉంది. ఈ అణువులో ముప్పై చోట్ల పరమాణువుల అమరిక కుడిచేతి వాటంగానో ఎడమచేతి వాటంగానో ఉండవచ్చు. రెండును ముప్పైసార్లు హెచ్చవేస్తే 107 కోట్లకు పైగా రూపాలు వస్తాయి. ఆ అన్నింటిలో నాచు తయారుచేసేది ఒకటే. శాస్త్రజ్ఞులకు కావలసిందీ ఆ ఒక్కటే.

హిరామా బృందం వేసుకున్న పథకంలోనే వాళ్ళ పనితనం మొదట కనిపిస్తుంది. ఒక కొస నుంచి మొదలుపెట్టి వలయం తరువాత వలయం చేర్చుకుంటూ పోవచ్చు. కానీ రసాయన చర్యలో ఏ అడుగూ నూటికి నూరు ఫలితం ఇవ్వదు. అడుగుకు నూటికి తొంభై మిగిలినా, యాభై అడుగులు వరుసగా వేస్తే చివరికి చేతిలో ఉండేది అర శాతం. అందుకని వాళ్ళు నిచ్చెనను రెండు రెక్కలుగా విభజించారు. ఎడమ రెక్కలో ఏ నుంచి ఇ దాకా అయిదు వలయాలు, కుడి రెక్కలో హెచ్ నుంచి ఎమ్ దాకా ఆరు. రెండింటినీ విడివిడిగా కట్టి, సరిచూసి, నిలవచేసుకున్నారు. మధ్యలో మిగిలిన ఎఫ్, జి వలయాలను రెక్కలు కలిపాక కట్టాలన్నది ఆలోచన.

ఎన్ఎమ్ఆర్‌ను తికమక పెట్టిన ఎఫ్ వలయం ఇక్కడ చిట్టచివరికి వచ్చింది. తొమ్మిది పరమాణువుల వలయాన్ని మూయడం కష్టం. దాని రెండు చివరలు ఒకదానికొకటి ఎదురుపడే అవకాశం తక్కువ. ఎదురుపడినా వలయంలో ఒత్తిడి పెరుగుతుంది. దీనికి రూథీనియం లోహంతో చేసిన గ్రబ్స్ ఉత్ప్రేరకాన్ని వాడారు. రెండు జంటబంధాల కొసలను తెంచి, మిగిలినవాటిని ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి ఇది. ఈ రంగంలో కృషికి రాబర్ట్ గ్రబ్స్‌కు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటి పెద్ద అణువు నడుమ, ఏళ్ళ తరబడి కట్టిన రెండు రెక్కలు రెండు పక్కలా వేలాడుతుండగా, వలయం మూసుకుంది. అక్కడ విఫలమైతే రెండు రెక్కల శ్రమా ఆ ఒక్క గిన్నెలో పోయేది. అయినా చివరికి అట్టిపెట్టడమే సరైన నిర్ణయం. ముందే మూసి ఉంటే, ఆ తరువాతి అడుగులన్నీ సున్నితమైన ఆ నడుమును మోసుకుంటూ వెయ్యవలసి వచ్చేది.

ఇక మిగిలింది కవచాలు తియ్యడం. నిర్మాణంలో అణువులోని కొన్ని ఆక్సిజన్ చోట్లు వేరే చర్యల్లో చిక్కుకోకుండా బెంజైల్ అనే సమూహాలతో కప్పి ఉంచుతారు. చివర వాటిని ఊడదీయడానికి ద్రవ అమోనియాలో సోడియం వంటి మొరటు పద్ధతి వాడితే అణువులోని బలహీన బంధాలకూ దెబ్బ తగులుతుంది. మొదటిసారి పని జరిగింది గానీ దిగుబడి చాలా తగ్గింది. హిరామా బృందం అక్కడితో తృప్తి పడలేదు. తరువాత నాఫ్తైల్‌మీథైల్ అనే వేరే కవచానికి మారి, మెత్తని ఆక్సీకరణంతో దాన్ని ఒలిచి, చివరి అడుగు దిగుబడిని బాగా పెంచింది. మొదటి విజయాన్ని ప్రకటించాక కూడా వెనక్కి వెళ్ళి చివరి అడుగును తిరగరాసే అలవాటు మంచి పనివాళ్ళది.

పన్నెండేళ్ళ ఈ కృషి 2001 నవంబరులో సైన్స్ పత్రికలో వెలువడింది. కట్టిన అణువును నాచు నుంచి తీసిన దానితో పోల్చారు. ఎన్ఎమ్ఆర్ గీతలు కలిశాయి. ఎలుకల మీద విషప్రభావమూ కలిసింది. రసాయన శాస్త్రం వరకూ ఇది ముగింపు. పళ్ళెంలోని చేప వరకూ ఇదే ఆరంభం.

చేపలో విషాన్ని వెతకడానికి, ఒక అణువును గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీలు కావాలి. హవాయిలో హోకామా యొషిత్సుగి 1977లోనే యాంటీబాడీ ఆధారిత పరీక్ష ఒకటి తెచ్చాడు గానీ, సిగ్వటాక్సిన్‌ను పోలిన ఇతర పాలీఈథర్లకూ అది స్పందించేది. నమ్మకమైన పరీక్షలో రెండు యాంటీబాడీలు ఒకే అణువును రెండు చోట్ల పట్టుకోవాలి. పలక మీద అతికించిన మొదటిది విషాన్ని ఆపుతుంది. రంగు తెప్పించే ఎంజైమ్‌ను మోసే రెండోది దాని మీద వాలుతుంది. రెండూ పట్టినప్పుడే రంగు వస్తుంది. ఒక చోట మాత్రమే పోలిక ఉన్న వేరే అణువు ఈ వడపోత దాటలేదు. ప్రోటీన్ల వంటి భారీ అణువులకు ఈ పద్ధతి మామూలే. చిన్న అణువులకు సాధారణంగా కుదరదు. ఒక యాంటీబాడీ పట్టుకుంటే రెండోదానికి చోటు మిగలదు.

సిగ్వటాక్సిన్‌కు కుదిరింది. మూడు నానోమీటర్ల పొడవు ఉండటం వల్ల దానికి రెండు కొసలున్నాయి. ఆ రెండు కొసలూ హిరామా ప్రయోగశాలలో విడివిడిగా, శుద్ధంగా, కావలసినంత ఉన్నాయి. నిర్మాణ సౌలభ్యం కోసం గీసిన గీతే, యాంటీబాడీలకు ఏ కొస చూపించాలో చెప్పే గీత అయింది. రెక్క ముక్కను ఒక ప్రోటీన్‌కు తగిలించి ఎలుకకు ఎక్కిస్తే, ఎలుక రోగనిరోధక వ్యవస్థ ఆ ముక్కను గుర్తుపట్టే యాంటీబాడీలను తయారుచేస్తుంది. చంపే విషాన్ని ఎలుకకు ఎక్కించే పనే లేదు. మోరే ఈల్‌ను వేటాడే పనీ లేదు.

ఇక్కడ కూడా తేలిగ్గా అయిపోలేదు. ఎడమ కొసలో మూడు వలయాల ముక్కతో మొదలుపెడితే వచ్చిన యాంటీబాడీల పట్టు చాల్లేదు. నిచ్చెన మెట్ల మీద విద్యుదావేశం లేదు, కొక్కేల్లాంటి సమూహాలూ తక్కువ. పట్టుకోవడానికి కావలసింది విస్తీర్ణం. అయిదు వలయాల ముక్కకు మారితే 10సీ9 అనే బలమైన యాంటీబాడీ దొరికింది. కుడి కొసకు ఐ నుంచి ఎమ్ దాకా ఉన్న ముక్కతో 3డీ11 వచ్చింది. 10సీ9 యాంటీబాడీ నిర్మాణం 2008లో ఎక్స్‌రేలతో బయటపడినప్పుడు అందులో లోతైన గుంట, ఆ గుంటలోకి దిగిన నిచ్చెన కొస కనిపించాయి. ఫుజీ ఇకువో, త్సుమురాయా తకేషి వంటివాళ్ళతో కలిసి 2003 నుంచి మెరుగుపరుచుకుంటూ వచ్చిన ఈ పరీక్ష ఇతర సముద్ర విషాలైన బ్రెవిటాక్సిన్‌కు గానీ, మైటోటాక్సిన్‌కు గానీ, ఒకడాయిక్ ఆమ్లానికి గానీ స్పందించలేదు. పెద్ద చేపల్లో ఉండే సీటీఎక్స్-1బి కొసలు కొంచెం వేరు కనుక దానికి సరిపోయే యాంటీబాడీలను కూడా చేర్చి, పసిఫిక్‌లోని నాలుగు ముఖ్యమైన రూపాలనూ పట్టేలా చేశారు.

ఈ పనికి హద్దులున్నాయి. కరీబియన్ సముద్రపు సిగ్వటాక్సిన్ నిర్మాణం వేరు, వలయాలు పద్నాలుగు. పసిఫిక్ కొసల కోసం చేసిన యాంటీబాడీలను అక్కడ యథాతథంగా నమ్ముకోలేం. పరీక్షకు ముందు చేప ముక్క నుంచి కొవ్వును, విషాన్ని వేరుచేసే శ్రమ అలాగే ఉంది. ఒక వలలో పడిన రెండు చేపల్లో ఒకటి విషం, ఇంకొకటి క్షేమం కావచ్చు. అంటే ప్రతి చేపనూ పరీక్షించాలి, అది బజారులో జరిగే పని కాదు. ప్రయోగశాల ఇచ్చింది నమ్మదగిన కొలబద్దను. దాన్ని రేవు దాకా చేర్చడం వేరే పని, ఇంకా మిగిలి ఉన్న పని.

తెలుగు పాఠకులకు ఇదంతా ఎంత దగ్గర? ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. మన వంటిళ్ళలో మామూలుగా ఉడికే చందువలు, కానాగడతలు దిబ్బల చేపలు కావు. కానీ 2015లో మంగళూరు ప్రాంతంలో రెడ్ స్నాపర్ తిన్న చాలామందికి ఈ బాధ వచ్చింది. పగడపు దిబ్బల మధ్య ఉన్న మారిషస్, ఫిజీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఇంకో చిత్రమేమిటంటే, మనం ఇష్టంగా తినే వంజరం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నీళ్ళలో సిగ్వటెరాకు ముఖ్య కారణాల్లో ఒకటి. అక్కడి ప్లాటిపస్ బేలో ఆ చేపను పట్టడాన్ని నిషేధించారు. బ్రిస్బేన్‌లో కాపురముండే తెలుగు ఇల్లాలికి కాకినాడ వంజరం మీద ఉన్న నమ్మకం అక్కడి వంజరానికి అప్పుగా ఇవ్వకూడదు. జాతి ఒకటే అయినా, అది తిరిగిన నీళ్ళు వేరు.

పరీక్ష చేతికి అందే దాకా పనికొచ్చే జాగ్రత్తలు పాతవే, పైన చెప్పిన పని వాటికి కారణం చూపిస్తుంది. దిబ్బల నీళ్ళలో పట్టిన పెద్ద వేట చేపను తినకపోవడం మేలు, ఎందుకంటే విషం మెట్టు మెట్టుకూ పోగుపడేది దానిలోనే. తల, కాలేయం, గుడ్లు వదిలెయ్యాలి, ఎందుకంటే లోపలి అవయవాల్లో విషం కండలో కన్నా చాలా ఎక్కువ. తిన్నాక చల్లదనం మంటగా తోస్తే వైద్యుడికి ముందు చెప్పవలసింది ఏ చేప, ఎక్కడిది, ఎప్పుడు తిన్నారన్నది. కోలుకున్నాక కూడా కొన్ని నెలలు చేపలు, మద్యం మానాలి. అవి బాధను తిరగబెడతాయి. పళ్ళెంలో మిగిలిన ముక్కను పారెయ్యకుండా సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకట్టినా విషం చెడదన్న చెడ్డ గుణం ఒక్క ఇక్కడ మనకు పనికొస్తుంది. వారం తరువాత ప్రయోగశాలకు చేరినా ఆ ముక్కలో యాంటీబాడీలు వెతికే రెండు కొసలూ అలాగే ఉంటాయి.